దవనం దగ్గర ఓపీ

మాఘమాసంలో, గుప్పున వాసన కొట్టే దవనానికి వీపు తిప్పి ఫోన్ చూసుకునే మనిషిని ఏమనాలి? దామోదర్ సార్ అనాలి. పాలమూరు అవతల ఉన్న మా బొటానికల్ గార్డెన్‌కు ఆయనే పెద్ద. సువాసన మొక్కల మడులు మాత్రం నా చేతి కింద ఉంటాయి.

“సత్తమ్మా, గీ గడ్డిని చూడనీకి ఎవరూ వస్తలేరు. శివరాత్రి లోపల జనం రాకుంటే పీకేసి సిమెంట్ జిరాఫీని నిలబెడ్త. పిల్లలు ఫొటోలు దిగుతరు.”

గడ్డట, గడ్డి! నాకు కడుపు మండిపోయింది. చేమంతులు వాడిపోయి, మల్లెలు ఇంకా మొగ్గ తొడగని ఈ రోజుల్లో తోట పరువు నిలబెట్టేది దవనమే కదా! విత్తనం చల్లింది మొదలు చంటిపిల్లను సాకినట్టు సాకాను. దాన్ని జిరాఫీకి ఒప్పజెప్పాలా?

గేటుకు బోర్డు పెడితే జనం వస్తారనిపించింది. పేరు దర్జాగా ఉండాలి మరి. చాయ్ అమ్మే చోటు చాయ్‌ఖానా అయినప్పుడు, దవనం ఉన్న చోటు దవనంఖానా ఎందుకు కాదు? పెయింటర్ గుర్వయ్యకు ఫోన్ చేసి అదే రాయమన్నాను. నేను మడికి నీళ్లు పెట్టే హడావిడిలో ఉండగానే రాసి, బిగించి పోయాడు.

తెల్లారి ఎప్పటిలా వెనక గేటు నుంచి వచ్చేసరికి మడి చుట్టూ జనమే జనం! సంతోషం పట్టలేకపోయాను. అంతలో మక్తల్ నుంచి వచ్చిన మల్లప్ప అనే పెద్దాయన ధోతి పైకి లాగి మోకాలు చూపించాడు.

“డాక్టరమ్మా, జర చూడు. మెట్లెక్కనిస్తలేదు.”

గేటు దగ్గరికి ఉరికి చూశాను. ఇంతింత ఎర్రటి అక్షరాలతో ‘దవాఖాన’ అని ఉంది. గుర్వయ్యకు ఫోన్ చేస్తే గొంతులో ఎంత గర్వమో!

“దవనంఖాన ఏందక్కా, ఎవరన్న వింటె నవ్వుతరు. నువ్వు తప్పు చెప్పినవని నేనే సరిజేసిన.”

వీడి చెయ్యి పడిపోను! తిరిగొచ్చి, “ఇది దవాఖాన కాదు, లేవుండ్రి!” అని అరిచాను.

“అన్ని దవాఖానల్ల గిట్లనే కసురుతరు,” అంది నర్సింగమ్మ అనే ముసలవ్వ నింపాదిగా. నేను కాదనేలోపే ఒక రెమ్మ తుంచి వాసన చూసింది. “అబ్బ! పానం లేచొచ్చింది బిడ్డా.”

ఇక ఎవరాగుతారు? దగ్గుకు ఒక రెమ్మ, మోకాలికి ఒక రెమ్మ, అత్తతో పడనందుకు రెండు రెమ్మలు. నేను గొంతు చించుకున్నా వినే నాథుడు లేడు.

అప్పుడే, శివరాత్రి దాకా కూడా ఆగకుండా, దామోదర్ సార్ ట్రాక్టర్ మీద జిరాఫీని తెచ్చాడు. “దవాఖాన జనం లెక్కకు రారు. జరగుండ్రి, తవ్వాలె!” అన్నాడు.

“ఓపీ నడుస్తాంది, కనిపిస్తలేదా? లైన్ల నిలవడు!” అని గదమాయించాడు మల్లప్ప. తర్వాత జిరాఫీని కిందికీ మీదికీ చూసి జాలిపడ్డాడు. “అరెరె, మెడ గట్లెట్ల సాగింది? పాపం, దాన్ని ముందుకు రానియ్యుండ్రి.”

నలుగురు కలిసి దాన్ని దించి, ముక్కుకు ఒక రెమ్మ కట్టారు. సార్ తిట్టడానికి నోరు తెరిచేలోపు నర్సింగమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

“మొగం గిట్ల పీక్కపోయింది. నిద్ర వడ్తలేదా నాయినా?”

ఆ మాట ఆయన్ని ఎవరూ అడగలేదేమో, కళ్లలో నీళ్లు తిరిగాయి. “పడ్తలేదవ్వా,” అని లైన్లో చివర నిలబడ్డాడు.

ఆయన వంతు వచ్చేసరికి మడి బోడిగా మిగిలింది. మూలన ఒక్కటంటే ఒక్క మొక్క, పూత మీద ఉంది. గడ్డపార నుంచి కాపాడుకుందామని జనం గోళ్లకు అప్పజెప్పానే అని ఏడుపు తన్నుకొచ్చింది. వెళ్లి దానికి అడ్డంగా నిలబడ్డాను.

“ఒక్క రెమ్మ, సత్తమ్మా,” అని చెయ్యి చాపాడు సార్.

“ఇయ్య సార్. ఇది విత్తనానికి. దీన్ని తెంపితే మళ్ల దవనమే లేదు.”

“మరి నాకు?”

“వచ్చే చలికాలం దాక ఆగాలె. గీ జాగ ఉంటెనే.”

సార్ బోడి మడిని చూశాడు. ఆ మొక్కను చూశాడు. “జిరాఫీని వాపస్ తీస్కపో!” అని ట్రాక్టర్ డ్రైవర్ మీద అరిచాడు. తర్వాత యూరియా లైన్లో రైతులు పెట్టినట్టు తన చెప్పులు విడిచి ఆ మొక్క ముందు పెట్టాడు.

“నా వంతు పోనియ్యకు,” అని నాకు చెప్పి, ఒట్టి కాళ్లతో ఆఫీసు దిక్కు నడిచాడు.