మాపుకోకూడని గౌను

"సాయంత్రం దాకానే కదమ్మా, ఓర్చుకో," అంటూ కామాక్షిగారు మనవరాలి గౌనుకి మెడ వెనక వేలాడే ధర చీటీని లోపలికి దోపారు. వాసవికి ఇంకా మూడేళ్లు నిండలేదు. మెడ గోక్కోబోతే నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆపారు. గోకితే దారం తెగుతుందట. దారం తెగితే ఆ గౌను మళ్లీ షాపులో హ్యాంగరుకి ఎక్కదట.

వంటింట్లో పాలు కాస్తున్న ఉషశ్రీకి అత్తగారి మాట వినపడుతూనే ఉంది. రోజూ వినేదే. తాడేపల్లిగూడెంలో వాళ్లది పేరున్న బట్టల షాపు. కింద చీరలు, మేడమీద పిల్లల రెడీమేడ్లు. ఉన్న ఒక్క మనవరాలు డే కేరుకి వెళ్తుంటే ఊరికే పంపిస్తారా ఏమిటి? రోజుకో కొత్త గౌను. నెట్టూ తళుకులూ, వీపంతా హుక్కులూ, లోపల గుచ్చుకునే బిరుసు క్యాన్‌క్యాన్ గుడ్డా. అది చూసి తోటి పిల్లల తల్లులు ఎక్కడ కొన్నారండీ అని అడగాలి, షాపు వెతుక్కుంటూ రావాలి. పిల్ల ఇంటికి రాగానే కామాక్షిగారు గౌను విప్పించి, లైటు కింద తిప్పితిప్పి మరకలు చూసి, ఇస్త్రీ చేయించి కవర్లో పెట్టేస్తారు. దాన్నే ఇంకో తల్లి తన కూతురి పుట్టినరోజుకి ముచ్చటపడి కొనుక్కుంటుంది. ఏమన్నా అంటే ఉషశ్రీ మొగుడు శ్రీకర్, "మన సరుకే కదా, నువ్వు మరీనూ," అని తేల్చేస్తాడు.

మన సరుకు! ఆ మాటకి ఉషశ్రీకి ఒళ్లు మండుతుంది. షాపులో కస్టమర్లు విప్పి పడేసిన చీరలన్నీ మడతపెట్టేది తను, ఫోన్లో ఫోటోలు పెట్టేది తను, బిల్లులు కంప్యూటరెక్కించేది తను. తను షాపులో ఉండాలనే కదా పిల్లని డే కేరులో వేసింది. ఒకసారి జీతం మాటెత్తితే మామగారు వెంకటరత్నంగారు నవ్వేసి, ఇంటిమనిషికి జీతమేంటమ్మా, చోద్యం కాకపోతే, అన్నారు. ఎవరో చుట్టాలొచ్చి కోడలు ఏం చేస్తుందండీ అని అడిగితే, "ఖాళీయేనండీ, సరదాకి షాపుకొస్తుంది," అని కూడా ఆయనే అన్నారు. అప్పుడామె నిచ్చెన మీదుంది. రెండు చేతుల నిండా చీరలున్నాయి.

ఆమె కట్టే చీరల సంగతీ అంతే. పెళ్లికో పేరంటానికో వెళ్లాలంటే షాపులోంచి కొత్త పట్టుచీర వస్తుంది. కట్టుకుని నలుగురిలో తిరగాలి, రాగానే విప్పి ఇచ్చెయ్యాలి. అంచు లోపలివైపు ఫాల్ గుడ్డ మాత్రం కుట్టించకూడదు. ఫాల్ కుట్టిందంటే అది కట్టిన చీరే, ఇంకెవరూ కొనరు. అందుకని ఉషశ్రీ మడమల దగ్గర ముడుచుకుపోయే అంచుని చేత్తో సర్దుకుంటూ నడవడం నేర్చుకుంది. పులుసు చుక్క పడకుండా ముద్దముద్దకీ వంగి తినడం నేర్చుకుంది. చూసినవాళ్లు ఈ కోడలెంత పొందిగ్గా తింటుందో అనుకుంటారు. కామాక్షిగారు కాపరానికొచ్చిన కొత్తల్లో నుంచీ అలాగే తిన్నారట. అదేదో ఘనతలా చెప్పుకుంటారు, పాపం.

డే కేరు నడిపే మెర్సీ, వాసవిని చేర్చిన రోజే చెప్పింది. వదులుగా ఉండే కాటన్ బట్టలు వెయ్యండి మేడమ్, నిక్కరుకి ఎలాస్టిక్ ఉంటే పాస్ వచ్చినప్పుడు పిల్లలే కిందికి లాక్కుంటారు, ఇంకో జత సంచిలో పెట్టండి, అని. ఉషశ్రీ తన మెత్తటి పాత నైటీ కత్తిరించి రెండు జుబ్బాలూ రెండు నిక్కర్లూ కుట్టింది. కామాక్షిగారు వాటిని రెండు వేళ్లతో పట్టుకుని చూశారు. బట్టల షాపువాళ్ల పిల్లకి మసిగుడ్డలేమిటమ్మా, ఊళ్లో తలెత్తుకోవద్దూ, అన్నారు. ఆ బట్టలు బీరువా అడుక్కి పోయాయి.

పోయినవారం పిల్లకి జ్వరమొచ్చింది. ఒంటికి వెళ్లినప్పుడల్లా మంటని ఒకటే ఏడుపు. నీళ్లు చాలడం లేదన్నాడు డాక్టరు. సీసా నిండా పోసి పంపిస్తున్నానే, తాగడం లేదా అని ఉషశ్రీ మెర్సీకి ఫోన్ చేసి అడిగింది.

"ఎంత బతిమాలినా తాగదండీ. తాగితే పాస్ వస్తుందంట, గౌను తడుస్తుందంట, నాయనమ్మ తిడుతుందంట. అందరూ ఇసకలో ఆడుకుంటుంటే తను అరుగుమీద కూర్చుని చూస్తుందండీ. మీకెలా చెప్పాలో తెలీక ఊరుకున్నాను."

ఉషశ్రీ ఫోన్ పెట్టేసింది. ఆ మాటే మొగుడితో చెప్పింది. మందులు వాడుతున్నాం కదా తగ్గిపోతుందిలే, దీనికోసం అమ్మతో నేనేం గొడవపడను, అన్నాడు శ్రీకర్.

జ్వరం తగ్గింది. ఇవాళే మళ్లీ డే కేరు. మళ్లీ నెట్టు గౌను. ఏలూరులో వాళ్ల చుట్టాలింట్లో నిశ్చితార్థం ఉంది కానీ పిల్లని తీసుకెళ్లడం లేదు. ఒళ్లోకెక్కితే చీర నలుగుతుందట. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకున్న ఉషశ్రీ బీరువా అడుగునుంచి జుబ్బా, నిక్కరూ తీసి సంచిలో నీళ్లసీసా కింద పెట్టింది.

డే కేరు గేటు ముందు కారాపి, త్వరగా వచ్చెయ్యి అన్నాడు శ్రీకర్. ఆమె లోపలికెళ్లి, అరుగుమీద పిల్లని నిలబెట్టి హుక్కులన్నీ విప్పింది. చీటీ ఒరుసుకున్నచోట మెడ ఎర్రగా కమిలిపోయింది. జుబ్బా తొడిగి, వెళ్లి ఆడుకో తల్లీ, ఎంత మాపుకున్నా ఫర్వాలేదు, అంది.

వాసవి కదల్లేదు. ఇసకకేసి చూసింది, అమ్మకేసి చూసింది. వంగినప్పుడు ఉషశ్రీ నడుం దగ్గర దోపిన కొంగు జారి, చివరనున్న ధర చీటీ బయటపడింది. పిల్ల దాన్ని వేలితో ముట్టుకుంది.

"నీకూ ఉందా అమ్మా?"

ఉషశ్రీ కొంగు చేతిలోకి తీసుకుంది. చీటీ పట్టుకుని లాగితే దారం తెగలేదు. పంటితో కొరికి తెంపేసింది. పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, పట్టుచీరతోనే తడి ఇసకలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వాసవి ఒక పిడికెడు ఇసక తెచ్చి అమ్మ ఒళ్లో పోసి, భయంభయంగా మొహంలోకి చూసింది. అమ్మ ఒడి పట్టింది. పిల్ల ఇంకో పిడికెడు పోసింది. కాసేపటికి తనే వెళ్లి సీసా తెచ్చుకుని గటగటా నీళ్లు తాగింది.

బయట హారన్ మోగి మోగి ఆగింది. శ్రీకర్ విసురుగా లోపలికొచ్చి, ఇసకలో ఉన్న పెళ్లాన్ని చూసి గతుక్కుమన్నాడు.

"ఉషా, మతి పోయిందా? ఆ చీర ఇంకెవరు కొంటారు?"

ఆమె లేవలేదు. ఒళ్లోని ఇసక దులుపుకోనూ లేదు.

"మీరు వెళ్లిరండి. నేను ఈ చీరకి ఫాల్ కుట్టించుకోవాలండీ."