కడెం కుస్తీకి ఇస్సాకు

జహీరాబాదులో నన్ను ఇప్పటికీ తెలివైన కుస్తీ వస్తాదనే అంటారు. ఏడేళ్ళ కింద ఝరాసంగం జాతరలో మేము న్యాల్‌కల్ జట్టును ఎలా ఓడించామో చాయ్ హోటళ్ళలో ఇంకా చెప్పుకుంటారు. "వీరప్ప బుర్రే బుర్ర" అని ఎవరైనా నా ముందే అంటే దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుంటాను. ఆ గెలుపులో నేను చేసిన పని ఏమిటో రాసిపెట్టాలని ఈ కాగితాలు ముందేసుకున్నాను. చదివినవాళ్ళు మెచ్చుకోవద్దు.

నాది అల్లం వ్యాపారం. పొద్దున మండీ, సాయంత్రం తాలీం. రేకుల కప్పు కింద ఎర్రమట్టి గోదా, గోడకు ఆంజనేయస్వామి పటం, అంతే మా తాలీం. మా నాన్న నుంచి నాకు వచ్చింది. పదిపన్నెండు మంది కుస్తీ నేర్చుకునేవారు. ఏ జాతరకు పోయినా ఒకటో రెండో గెలిచి, మిగతావన్నీ ఓడి వచ్చేవాళ్ళం. "అల్లం అమ్ముకునేటోనికి కుస్తీలెందుకు?" అని న్యాల్‌కల్ వాళ్ళు నా మొహం మీదే నవ్వేవారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ నవ్వు నాకు అన్నం సహించనిచ్చేది కాదు.

మా వైపు కుస్తీలో వీపు మట్టికి ఆనినవాడు ఓడినట్టు. జాతర కుస్తీలకు ఒక వరస ఉంది. మొదటిది కొబ్బరికాయ కుస్తీ. గెలిచినవాడికి ఒక కొబ్బరికాయ ఇచ్చి పంపుతారు. దాని తర్వాత రుమాలు కుస్తీ, ధోతి కుస్తీ, ఇలా పెరుగుతూ పోయి ఆఖరున చేతికి తొడిగే వెండి కడెం కుస్తీ. కొబ్బరికాయకు కొత్తవాడిని దింపుతారు, కడేనికి మొనగాడిని దింపుతారు. ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. కడేనికి పేరు పిలిచేటప్పుడు జనం లేచి నిలబడతారు. ఎంతటివాడికైనా ఆ పిలుపు బతుకులో ఒకటి రెండుసార్లు దక్కితే గొప్ప.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం శివరాత్రికి ఝరాసంగం జాతర పెద్దలు కొత్తగా జట్టు కుస్తీలు పెట్టారు. ఒక్కో జట్టులో ఐదుగురు. కొబ్బరికాయ నుంచి కడెం దాకా ఐదు కుస్తీలలో మూడు గెలిచిన జట్టుదే జాతర జెండా. ఎవరు ఏ కుస్తీకి దిగుతారో ఆ పొద్దునే కాగితం మీద రాసి, మడిచి, పెద్దల చేతికి ఇవ్వాలి. ఒకసారి ఇచ్చాక మార్చేది లేదు.

జట్టు కట్టడమంటే ఐదుగురు బలవంతులను పోగుచేయడం కాదు. నా దగ్గర రామ్‌కిషన్ ఉన్నాడు. కన్ను మూసి తెరిచేలోగా కాలు అందుకుంటాడు, కానీ కుస్తీ ఐదు నిమిషాలు దాటితే రొప్పుతాడు. సంగప్పది దానికి తలకిందులు. ఎవరినీ తొందరగా పడగొట్టలేడు, అరగంటైనా ఊపిరి చెదరదు, అవతలివాడే అలిసిపోతాడు. మా తమ్ముడు మహాదేవప్పకు ప్రతి పట్టుకూ విరుగుడు తెలుసు. మాణిక్‌కు ఒక్క పట్టే వచ్చు, కానీ ఆ పట్టులో పడ్డవాడు లేవడు. వడి ఉన్నవాడు ఓపిక ఉన్నవాడిని విసిగించగలడు. ఓపిక ఉన్నవాడు బలం ఉన్నవాడిని అరగదీయగలడు. ఎవరికి ఎవరు సరిపోతారో, ఎవరికి ఎవరు లొంగుతారో చూసి కూర్చాలి.

నెల రోజులు అల్లం బేరం సాకుతో న్యాల్‌కల్ వైపు తిరిగి, వాళ్ళ తాలీం బయట కూర్చొని చూశాను. నలుగురు మావాళ్ళకు తూగేవాళ్ళే. ఐదోవాడు గురులింగప్ప. అతన్ని ఆ చుట్టుపక్కల రాకాసి అనేవారు. తలుపులో నుంచి వంగి, పక్కకు తిరిగి వచ్చేవాడు. నాలుగేళ్ళలో అతని ముందు ఐదు నిమిషాలు నిలిచినవాడు లేడు. మాణిక్‌ను పెట్టినా ఓడతాడని నాకు అర్థమైంది.

అప్పుడే ఆ ఆలోచన వచ్చింది. గురులింగప్పను వాళ్ళు కడెం కుస్తీకి తప్ప ఇంక దేనికీ దింపరు, దింపితే వాళ్ళకే నామోషి. అలాంటప్పుడు నేను నా మొనగాడిని ఆ గోడకేసి ఎందుకు కొట్టుకోవాలి? నా నలుగురినీ మొదటి నాలుగింటికి పెట్టి, ఓడిపోయేవాడిని ఒకడిని ఆఖరుకు పెడితే సరి. మాణిక్ వాళ్ళ రెండో మొనగాడి మీద పడతాడు. వరసంతా ఒక మెట్టు కిందికి జరుగుతుంది. ఇంతకాలం ఏ వస్తాదూ ఈ పని చేయలేదు. కడేనికి మొనగాడు కానివాడిని పంపడం ఎవరి మనసుకూ తట్టదు.

ఓడిపోయేవాడుగా నేను ఎంచుకున్నది ఇస్సాకును.

ఇస్సాకు ఎర్రరాతి గనిలో రాళ్ళు కొట్టేవాడు. తండ్రి లేడు. తల్లి బీరమ్మ, తను. పదిహేడో ఏట మా తాలీంకు వచ్చాడు. ఆరేళ్ళు పొద్దునే అందరికంటే ముందు వచ్చి గోదా తవ్వేవాడు, మట్టిలో నూనె, పసుపు కలిపేవాడు, పహిల్వాన్లకు మాలిష్ చేసేవాడు. "ఒక్కపారి జాతరల నా పేరు పిలిపియ్యి వస్తాద్. కొబ్బరికాయకైనా మంచిదే" అని ఏటా అడిగేవాడు. వచ్చే ఏడు చూద్దామని ఏటా అనేవాడిని. నిజం రాస్తున్నాను. మొదటి రెండేళ్ళు అతని కులం చూసి దింపలేదు. తర్వాత నాలుగేళ్ళు అలవాటు కొద్దీ దింపలేదు. రాయి పగలగొట్టే బలం ఆ చేతుల్లో ఉంది, నేనే సరిగ్గా పట్లు నేర్పలేదు. నేర్పకపోయిందీ నేనే, బలహీనుడని లెక్క కట్టిందీ నేనే.

నలుగురినీ మా ఇంటికి పిలిచి సంగతి చెప్పాను. చెప్పక తప్పలేదు. తనను నాలుగో కుస్తీకి వేశానని తెలియగానే మాణిక్ లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

"కడెం నాకు గాక ఎవనికి? ఆ మట్టి తవ్వెటోనికా?" అన్నాడు.

"కూసో. వాడు ఓడిపోతందుకే పోతుండు" అని అసలు లెక్క విప్పి చెప్పాను. మాణిక్ నవ్వి, చెప్పులు విడిచి కూర్చున్నాడు. రామ్‌కిషన్ నా చేతులు పట్టుకున్నాడు. సంగప్ప మాత్రం, "మరి ఇస్సాకుకు చెప్తవా?" అని అడిగాడు.

"చెప్తే వాని మొహం చూసి న్యాల్‌కల్ వాళ్ళు పసిగడ్తరు. నోరు మూసుకోన్రి" అన్నాను.

వంట దగ్గర నుంచి నా భార్య నీలమ్మ అంతా విన్నది. వాళ్ళు పోయాక, "ఆ పిల్లగాడు నీ కాడ ఆరేండ్ల సంది ఉన్నడు. వానికి ఒక్క మాట చెప్పరాదా?" అన్నది. నీకేం తెలుసు కుస్తీల సంగతి అని కసిరాను.

మర్నాడు గోదా తవ్వుతున్న ఇస్సాకును పిలిచి, కడెం కుస్తీకి నువ్వే అన్నాను. పార కింద పెట్టి నా వైపు చూశాడు.

"నాకా వస్తాద్? గురులింగప్ప మీదికి నేనా?"

"నువ్వే. ఏం, భయమా?"

"భయం కాదు. నీకు నా మీద గంత నమ్మకం ఉన్నదని నాకు ఎరుక లేకుండె" అని నా కాళ్ళకు దండం పెట్టాడు. మట్టి చేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. అప్పుడే నా నోరు పడిపోవలసింది. కడెం కుస్తీకి నువ్వే అన్నాను, అందులో అబద్ధం ఏముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ నెలంతా అతను చీకటితో లేచి, గనికి పోయేముందు ఐదు వందల బస్కీలు తీసేవాడు. నేను చూసి కూడా ఒక్క పట్టు అదనంగా నేర్పలేదు. ఓడిపోయేవాడికి ఎందుకని.

జాతర నాడు బీరమ్మ కూడా వచ్చింది. చర్చికి పోయే మనిషి, శివరాత్రి జాతరకు ఎన్నడూ వచ్చింది లేదు. "పాదిరి ఏమన్న అననియ్యి అయ్యా. నా కొడుకు పేరు పిలుస్తరట కదా" అని గోదాకు దగ్గరలో, ఆడవాళ్ళ వరసలో కూర్చుంది.

నా లెక్క ఎక్కడా తప్పలేదు. రామ్‌కిషన్ రెండు నిమిషాల్లో కాలు లాగి పడేశాడు. సంగప్ప మాత్రం అనుకోకుండా జారి ఓడిపోయాడు. మహాదేవప్ప గెలిచాడు. నాలుగో కుస్తీలో మాణిక్ తన ఒక్క పట్టూ పట్టాడు. మూడు మావి, ఒకటి వాళ్ళది. జెండా మాదే అయిపోయింది. డప్పులు మోగాయి. మావాళ్ళు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. న్యాల్‌కల్ వస్తాదు తల దించుకొని ఉండడం పైనుంచి చూశాను. ఎన్నేళ్ళ కడుపుమంటో చల్లారింది.

అప్పుడు పెద్దాయన లేచి కడెం పైకెత్తి, "జహీరాబాద్ ఇస్సాకు!" అని పిలిచాడు. జనం లేచి నిలబడ్డారు.

గెలుపు మా చేతికి వచ్చేసింది. ఇక ఆ కుస్తీతో జట్టుకు పనిలేదు. లంగోటి బిగించి వచ్చి ఇస్సాకు నా ముందు వంగాడు. నా నోరు అతని చెవికి జానెడు దూరంలో ఉంది. 'వీపు ఆనిచ్చి లేచి రా బిడ్డా, అయిపోయింది' అంటే చాలు. కానీ అంటే అసలు సంగతి చెప్పాలి. అంత సంబరంలో, అంతమంది ముందు, ఆ మొహంలోకి చూసి చెప్పడానికి నాకు సిగ్గేసింది. "శాబాష్, పో" అన్నాను.

గురులింగప్ప తన జట్టు ఓడిన కసితో ఉన్నాడు. మొదటి పట్టులోనే ఇస్సాకును ఎత్తి కుదేశాడు. ఇస్సాకు బోర్లా పడి, వీపు తగలనివ్వలేదు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ బోర్లా. పది నిమిషాలు అయింది. న్యాల్‌కల్ వాళ్ళు కూడా ఇస్సాకు పేరు అరవడం మొదలుపెట్టారు. పట్లు తెలియవు, విరుగుడు తెలియదు. వీపుకు మట్టి అంటకుండా ఉండడం ఒక్కటే అతనికి తెలుసు. నా పక్కన రామ్‌కిషన్, "వస్తాద్, పడిపొమ్మను, పడిపొమ్మను" అని గొణుగుతున్నాడు. డప్పుల్లో నేను అరిచినా వినబడలేదు. నిజానికి గట్టిగా అరిచానో లేదో కూడా నాకు నమ్మకం లేదు.

ఆఖరికి గురులింగప్ప అతన్ని వెల్లకిలా తిప్పి, పైన పడ్డాడు. ఇస్సాకు మెడ మీద, కుడి చేతి మీద బరువంతా ఆపి నడుము పైకి లేపాడు. వీపుకూ మట్టికీ మధ్య బెత్తెడు సందు. ఆ సందు అలాగే ఉండగా మోచెయ్యి విరిగింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు, డప్పుల్లోనూ వినిపించింది. గురులింగప్పే ముందుగా వదిలేసి, రెండు చేతులూ పైకెత్తి దవాఖానకు తీసుకుపొమ్మని కేకలేశాడు. బీరమ్మ జనాన్ని తోసుకుంటూ గోదాలోకి వచ్చింది. ఇస్సాకు ఆ నొప్పిలో కూడా, "వీపు ఆనలే కద? ఆనలే కద వస్తాద్?" అని అడుగుతున్నాడు.

ఆనలేదు అన్నాను.

దవాఖానలో కట్టు కట్టారు, మళ్ళీ విప్పి కట్టారు. చెయ్యి వంకరగానే అతికింది. గడ్డపార పట్టలేడు కాబట్టి గనిలో పని పోయింది. మేకలు కొనుక్కొని మేపుకోసాగాడు. తాలీంకు రావడం మానేశాడు. నేను ఖర్చులకు ఇవ్వబోతే, "నీ వల్ల కాదు వస్తాద్, కుస్తీల ఇట్లాంటివి అయితనే ఉంటయి" అని ముట్టలేదు. ఎదురైనప్పుడల్లా ఎడమ చేత్తో దండం పెట్టేవాడు. ఆ దండం తప్పించుకోవడానికి నేను సందులు మారేవాడిని.

ఈ ఏడు శివరాత్రికి కొత్త పిల్లలు జట్టు కట్టిపెట్టమని వచ్చారు. "అప్పటి లెక్కనే మల్ల వేద్దాం. ఆఖరుకు ఎవన్నన్న బలికి పెట్టు" అని ఒకడు నవ్వాడు. అంటే ఆ మాట ఊరంతా పాకింది. ఇస్సాకు చెవిన ఇంకొకరు వేయకముందే నేనే చెప్పాలనుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి మేకలు మేపే చెలకకు పోయాను.

ఇస్సాకు నన్ను చూసి లేచి, తన గొంగడి పరిచాడు. కూర్చోకుండానే అంతా చెప్పాను. ఓడిపోవడానికే పంపానని, జెండా వచ్చాక కూడా నోరు విప్పలేదని. కొడితే కొట్టు, తిడితే తిట్టు అన్నాను. నా బరువు దిగుతుందని ఆశ.

అతను పక్కకు పోతున్న మేకను అదిలించి వచ్చాడు.

"ఆ నలుగురికి ఎరుకనా?" అని అడిగాడు.

"ఎరుకే."

"సంగప్పకు గూడ?"

"సంగప్పకు గూడ."

"నాకు చెప్తే పండుకుంటుంటి కద వస్తాద్. తాలీం గెలుస్తదంటే ఒక్క నిమిషంల వీపు ఆనిస్తుంటి. నాకేం నామోషి?" గొంతు పెంచలేదు. "చెయ్యి పోయినందుకు నాకు ఎన్నడు రంది లేదు. ఎవరన్న అడిగితె, జెండా తెచ్చిన ఐదుగురిల నేనొకన్నని చెప్పుకుంట ఉంటి. నన్ను కన్న అవ్వ సచ్చిపోయెటప్పుడు గూడ గదే చెప్పుకుంట సచ్చింది."

నాకు ఏడుపు వచ్చింది. క్షమించమని అన్నాను.

"నువ్వు ఇయ్యాల రాకుంటే మంచిగుంటుండె" అన్నాడు. వంగి, నా కాళ్ళ దగ్గర పరిచిన గొంగడి ఎడమ చేత్తో దులిపి భుజాన వేసుకొని మేకల వెనక పోయాడు.