సాయిలక్ష్మి తీగ పీకిన రోజు

సర్వర్ వెనకాల దుమ్మును పాత చీరపేలికతో తుడుస్తూ సాయిలక్ష్మి గడియారం చూసింది. తొమ్మిదింబావు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టిగా, కాస్త వంగిన భుజాలతో ఉంటుంది. ఆ ఉదయం మాత్రం బడికి సెలవిచ్చిన పిల్లలా కాలు ఒకచోట నిలవడం లేదు.

పోర్ట్ బ్లెయిర్‌లోని ఆ హోల్‌సేల్ కొట్టు నుంచే చుట్టుపక్కల దీవులకు మందులు వెళ్తాయి. ఏ మందు ఎక్కడ ఎంత ఉందో చెప్పేది సర్వర్‌లోని డేటాబేస్. సునామీ రోజున కింది గదిలోని అప్పటి మెషీన్ ఉప్పునీట మునిగింది. పాముకాటు మందు కోసం, ఇన్సులిన్ కోసం ఆమె వారంపాటు తడిసిన పెట్టెలు ఒక్కొక్కటీ విప్పి వెతికింది. తర్వాత మేడమీదికొచ్చిన సర్వర్‌కు ఆమే కాపలా. కరెంటు పోయినప్పుడల్లా దాన్ని మళ్లీ లేపడం ఆమె ఒక్కదానికే తెలుసు. ఎనిమిదేళ్లుగా దీవి దాటలేదు. భీమిలి నుంచి అక్క అసిరమ్మ ఫోన్ చేస్తే, "వచ్చే ఓడకొస్తానక్కా" అనేది.

యజమాని భానుప్రకాష్ ఈమధ్య రెండు పెద్ద మెషీన్లు తెప్పించాడు. వాటిలో సర్వర్‌ను వర్చువల్ మెషీన్‌గా, అంటే ఏ పెట్టెలోనైనా నడిచే సాఫ్ట్‌వేర్ రూపంలో, నడపొచ్చు. ఒకటి ఆగితే రెండోది దానంతటదే అందుకోవాలి. మారాలా వద్దా అన్నది ఆమెకే వదిలేశాడు. కొత్తదాంట్లో మొదట్లో ఒక మందు వెతకడానికి పదకొండు సెకన్లు పట్టింది. మెమరీ ఇంక దేనికీ పంచకుండా డేటాబేస్‌కే కేటాయించాక మూడుకు దిగింది. వారంగా కొట్టు దానిమీదే నడుస్తోంది; పాత సర్వర్ తోడుగా ఉంది. ఇక ఒక్క పరీక్షే మిగిలింది: నడుస్తున్న మెషీన్ తీగ పీకేస్తే రెండోది అందుకుంటుందా లేదా అని.

"నిజంగా పీకేస్తావా దీదీ? డేటా పోతే?" పక్కనే నిలబడ్డ భానుప్రకాష్ అడిగాడు.

"కాపీ తీసుంచాను బాబూ. ఇయాల నాను పీకకపోతే రేపు కరెంటోడు పీకుతాడు."

కొత్త పద్దులో 'అసిరమ్మ' అని కొట్టి, నడుస్తున్న మెషీన్ తీగ పట్టుకుని లాగేసింది. తెర నల్లబడింది. ఇద్దరూ అంకెలు లెక్కపెట్టసాగారు. తొంభై లెక్కపెట్టేసరికి తెర వెలిగింది. వెతికితే అక్క పేరు అక్కడే ఉంది.

"వచ్చీసింది!" ఆమె వేసిన కేకకు కింద కొట్టులోవాళ్లు పైకి చూశారు.

"పక్కా? మారిపోదామా?"

"మారిపోదాం. లేకిన్ ఒక్క మాట. రెండూ ఒకే గదిలో ఉంటే నీళ్లు రెండింటినీ పట్టుకుపోతాయి. గంటగంటకీ ఓ కాపీ మన డాలీగంజ్ గోడౌన్‌కి వెళ్లాల. అది మిట్టమీదుంది."

అతను తలూపాడు. ఆమె పాత సర్వర్‌ను తన చేత్తోనే ఆపింది. ఫ్యాన్ల హోరు తగ్గి తగ్గి ఆగిపోయింది. అప్పుడు సంచిలోంచి విశాఖ ఓడ టికెట్ తీసి చూపించింది. సాయంత్రం నాలుగింటికి ప్రయాణం.

"ఎప్పుడు కొన్నావ్?"

"పోయిన వారం. ఇది ఫెయిలయితే కాన్సిల్ చేసీద్దామనుకున్నా."

"మళ్లీ ఎప్పుడొస్తావ్ దీదీ?"

"ఏటో, ముందైతే ఎల్లనీ బాబూ!" నవ్వుతూ మెట్లు దిగి, జోరువానలో ఆటోకు ఎదురు పరుగెత్తింది.

మేడమీద కిటికీ ఊచకు ఆమె నల్లగొడుగు వేలాడుతోంది. పొద్దున తడిసిన దాని అంచు ఇంకా ఆరలేదు.