ఏడో దృష్టాంతం

పొయ్యి మీద శనగలు ఉడుకుతున్నాయి. నేను ఆడవాళ్ళ దుర్గుణాలు కూరుస్తున్నాను. అంటే, సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసగా పేరుస్తున్నానన్నమాట. మా ఆయన తేయోకి సమోరా పట్టణంలో మంచి అచ్చుపనివాడని పేరు. చూపు మందగించి నాలుగేళ్ళయింది. అప్పటినుంచి అక్షరాలు కూర్చేదీ, తప్పులు దిద్దేదీ, అచ్చయ్యాక సిరా కడిగేదీ నేనే. పుస్తకం చివర మాత్రం “తేయో చేతి పని” అని ఉంటుంది. అదీ నేనే కూర్చాలి. ఎవరైనా అడిగితే “మా ఆవిడ కాస్త సాయం చేస్తుందిలే” అంటాడు. కాస్తట!

ఈ పుస్తకం ఒర్దోన్యో పాదిరీగారిది. ఆడదాని వల్ల మగవాడికి కలిగే నష్టాలు, దృష్టాంతాలతో సహా. ఆడది వాగుడుకాయ, తిండిపోతు, మొహానికి రంగులు పూస్తుంది, పడక దగ్గర దానికి తృప్తి అనేది ఉండదు. పెళ్ళే లేని ఆయనకి ఇవన్నీ ఎలా తెలుసని ఎవరూ అడగరు. ఆయనింట్లో పన్నెండేళ్ళుగా మెన్సియా ఉంది. వంట చేస్తుంది, బట్టలుతుకుతుంది, పక్క వేస్తుంది, ఆ పక్కమీదే పడుకుంటుంది. పాదిరీల ఆడవాళ్ళు తలగుడ్డ మీద మూడు వేళ్ళ వెడల్పున ఎర్రపట్టీ కట్టుకోవాలని శాసనం, మర్యాదస్తుల భార్యల్లో కలిసిపోకుండా. పాదిరీలకు మాత్రం ఏ పట్టీ లేదు.

ఆ చేతిరాత కాగితాలు తెచ్చింది మెన్సియానే. తెచ్చి, నా పక్కనే కూర్చుని శనగలు కలుపుతోంది. నేను ఏడో దృష్టాంతానికి వచ్చాను. “ఒకానొక పట్టణంలో ఒక అచ్చుపనివాని భార్య, భర్త తన ధర్మం నెరవేర్చిన మరుక్షణమే, ‘అప్పుడే అయిపోయిందా?’ అని అడిగెను. స్త్రీ కామమునకు అంతము లేదనుటకు ఇదియే సాక్ష్యము.”

నా చెయ్యి ఆగిపోయింది. చెవులు భగ్గుమన్నాయి. ఆ మాట అన్నది నేనే, మూడు వారాల కిందట. అప్పుడు గదిలో ఉన్నది మేమిద్దరమే. మా ఊళ్ళో అచ్చుకొట్లు రెండే, ఆ రెండోవాడు బ్రహ్మచారి.

“ఈ సంగతి పాదిరీగారికి ఎవరు చెప్పారు, మెన్సియా?”

“ఇంకెవరు వదినా, మీ ఆయనే. ఆ పూట వైను పోసింది నేనేగా. ఇద్దరూ ఒకటే నవ్వు. అన్నట్టు నామీద కూడా ఏదో రాశాడట. చదివి చెప్పవూ?”

వెతికితే పదకొండోది దొరికింది. ఎంత తిన్నా కడుపు నిండని ఒక పనిమనిషి, యజమాని కోడిని మాయం చేస్తుందట.

“కోడిని నేను తిన్నానా! తొడ ముక్క ఎప్పుడైనా నా కంచంలో పడితేగా!” అంటూ గరిటె విసిరికొట్టింది మెన్సియా.

తేయో రాగానే అడిగాను. “ఏమండీ, ఆ ఏడోది తీసేయించండి.”

“పాదిరీగారు రాసింది తీసెయ్యడానికి నేనెవర్నే? అయినా నీ పేరు పెట్టలేదుగా. నువ్వు భుజాలు తడుముకుంటే తప్ప ఎవరికి తెలుస్తుంది? ఏదో మగవాళ్ళం నవ్వుకున్నాం, దానికింత రాద్ధాంతమా? ముందు శనగల సంగతి చూడు, అడుగంటుతున్నట్టున్నాయి.”

ఏడుపొచ్చింది, ఏడ్చాను. తర్వాత ఒళ్ళు మండింది. తీసెయ్యడం నాకు క్షణం పని, గుప్పెడు సీసం. కానీ తీసేస్తే నేను సిగ్గుపడినట్టే కదా. సిగ్గుపడడానికి నేనేమన్నానని? ఒక ప్రశ్న అడిగాను. పదిహేనేళ్ళ కాపురంలో ఒకే ఒక్కసారి. దృష్టాంతంలో ఆ ప్రశ్న ఉంది, దానికి జవాబు మాత్రం లేదు. రాసినాయన తొందరలో మరిచిపోయాడేమో అనుకుని దాని కింద ఇంకో వాక్యం నేనే కూర్చాను. “భర్త బదులు చెప్పలేదు, అప్పటికే గురక పెట్టుచుండెను.”

మొదటి ఫారం, అంటే పుస్తకం తొలి పేజీల కాగితం, అచ్చయ్యాక, ఆదివారం పూజ ముగియగానే, దాన్ని కొట్లో నలుగురి ముందూ రచయితే చదవాలి. అది మా ఆనవాయితీ. పాదిరీగారు గొంతు సవరించుకుని చదివారు. ఆరు దృష్టాంతాలకూ మగవాళ్ళు తొడలు చరుచుకుంటూ నవ్వారు. ఏడోది మొదలవగానే తలలన్నీ నావైపు తిరిగాయి. నేను తల దించలేదు.

“...అప్పటికే గురక పెట్టుచుండెను,” అని పాదిరీగారు ఠక్కున ఆగారు. కాగితాన్ని కళ్ళదగ్గరికి తెచ్చుకున్నారు. ఈలోగా వెనక వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. రొట్టెలమ్మే ఆవిడైతే “మా ఇంటికెప్పుడొచ్చి చూశారండీ, పాదిరీగారూ!” అంది. ఆ నవ్వు ఆగేలా లేదు. పాదిరీగారు బొజ్జ నిమురుకుని, ఆ చమత్కారం తనదేనన్నట్టు మళ్ళీ చదివారు, ఈసారి గురక కూడా పెట్టి చూపిస్తూ. తలలన్నీ తేయో వైపు తిరిగాయి.

జనం వెళ్ళిపోయాక తేయో నా దగ్గరికొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

“ఆ ముక్క ఎవరు రాశారే?”

“పాదిరీగారే. చదువుతుంటే విన్నారుగా.”

“నేను గురకపెట్టి నిద్రపోయిన సంగతి ఆయనకెలా తెలుసు?”

“మన గదిలో సంగతులు ఆయనకి చెప్పేది మీరేగా.”

తేయో విసవిసా వెళ్ళి పెరట్లో నిలబడ్డాడు. నాకు సాయానికని ఆగిన మెన్సియా గిన్నెలు తుడుస్తూ నెమ్మదిగా అడిగింది.

“వదినా, నాదింకా కూర్చలేదుగా?”

“లేదు,” అన్నాను, పీట ఆమె వైపు జరుపుతూ. “కూర్చో. పన్నెండేళ్ళ సంగతులూ మొదట్నుంచి చెప్పు.”