ఆగక్కా

నిమ్మచెక్కని చివరి చుక్కదాకా పిండి, సీసాలో పడ్డ గింజల్ని చిటికెన వేలితో తీసేసి, ఉప్పూ పంచదారా కరిగేదాకా శ్రీరమ్య సీసాని అటూ ఇటూ కుదిపింది. మూతలో కాస్త పోసుకుని రుచి చూసింది. రాగసుధకి పులుపు తగ్గాలి, ఉప్పు కొంచెం నాలుక్కి తెలియాలి. ఇంకో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ కుదిపింది. అలా నింపిన సీసాలు కొన్ని రాగసుధ సైకిలుకి, కొన్ని తన సైకిలుకి తగిలించింది. తన సైకిలు మీద ఉన్నవీ రాగసుధకే. తనకి దాహమైతే వెనక వచ్చే వ్యానులోంచి మెకానిక్కు నాగూర్ వలి అందించే మంచినీళ్లు చాలు.

చిలకలూరిపేటలో హైవే పక్కనున్న బడి అది. పందేనికొచ్చిన ఆడపిల్లలందరికీ తరగతి గదుల్లోనే పడకలు. బల్లలు గోడవారకి నెట్టి చాపలు పరిచారు. పక్క జిన్నింగు మిల్లునుంచి ఎగిరొచ్చిన దూది వరండా మూలల్లో పిల్లిపిల్లల్లా ముడుచుకుని ఉంది. శ్రీరమ్య గొంతుక్కూర్చుని టైర్లని బొటనవేలితో నొక్కి చూసింది. కల్లంలో వాళ్లమ్మ సుబ్బరావమ్మ మిరపకాయ ఎండిందో లేదో తొడిమ దగ్గర నొక్కి చూస్తుందే, అట్లా. ముందు రాగసుధ సైకిలు చూసింది. తర్వాతే తనది.

"అక్కా, జడ వెయ్యవా? హెల్మెట్లో గుచ్చుకుంటోంది," అంటూ రాగసుధ నిద్రమొహంతో వచ్చి ముందు కూలబడింది.

"ఇది జుట్టా, తుమ్మకంపా? కదలకు."

"రాత్రి నువ్వు గురకపెట్టావు తెలుసా?"

"నేనా? నీ గురకకి హైవే మీద లారీ గదిలోకి వచ్చిందనుకుని లేచి కూర్చున్నా."

రాగసుధ కిలకిలా నవ్వింది. మంగళగిరిలో బడిపంతులు గారమ్మాయి. శ్రీరమ్యకంటే ఏడాది చిన్నది. సైకిలెక్కితే మాత్రం ఆ పిల్లని పట్టడం ఎవరి తరమూ కాదు.

పందెం మూడు రోజులది. రోజూ ఒక ఊళ్లో బయలుదేరి ఇంకో ఊరికి తొక్కాలి. మూడు రోజులూ కలిపి ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్లది గెలుపు. నిన్న మొదటి రోజు రాగసుధ గెలిచింది గనక పసుపుపచ్చ జెర్సీ ఇవాళ ఆ పిల్ల ఒంటిమీదుంది. గెలిచినవాళ్లని జాతీయ శిబిరానికి తీసుకుంటారని అందరికీ తెలుసు.

శ్రీరమ్య పని గెలిపించడం. ఎదురుగాలిని తన ఒంటితో కాసి, వెనక రాగసుధకి దారి తేలిక చెయ్యడం. నీళ్లందించడం. సత్తువంతా అయిపోయాక పక్కకి తప్పుకుని, చివర్లో ఎప్పుడో ఊళ్లోకి చేరడం. స్పోర్ట్స్ హాస్టల్లో చేరిన దగ్గర్నుంచీ ఆమె చేసిందదే. మొదట్లో వేరే పిల్ల కోసం, ఇప్పుడు ఈ పిల్ల కోసం. పేపర్లో ఫొటో పడితే అందులో ఆమె మోచెయ్యి ఉండేది. వచ్చే ఏడాదికి ఆమెకి జూనియర్ల వయసు దాటిపోతుంది. పెద్దవాళ్ల పందేలకి ఆమెని పిలిచేవాళ్లెవరూ లేరు.

ఇదంతా వాళ్ల నాన్న బాపయ్యకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. ఆయనకి తెలిసిందల్లా తన కూతురు ప్రతి పందెంలోనూ వెనకే వస్తుందని. పోయిన పండక్కి అన్నం ముందు కూర్చుని అడిగాడు. "నువ్వు పోటీకి పోతన్నావా, కూలికి పోతన్నావా?" సుబ్బరావమ్మ గరిటెతో బెదిరించింది గానీ, ఆ మాట శ్రీరమ్య కంచంలో రాయిలా పడింది. ఇవాళ పందెం వాళ్ల ఊరి మీదుగానే పోతుంది. అద్దంకి దాటి సంతమాగులూరు వైపు, రోడ్డు పక్కనే వాళ్ల మిరప కల్లం. పొద్దున్నే ఫోన్లో బాపయ్య చెప్పాడు: "కల్లం కాడే ఉంటా. కూలోళ్లందరికీ చెప్పా, మా అమ్మాయొస్తదని."

కోచ్ సంజీవరావు వచ్చాడు. మాట కరుకు, మనిషి మంచివాడు.

"రమ్యా, నీ పనేంటి?"

"సుధ ముందుండటం సార్."

"సుధ ఆగితే?"

"నేనూ ఆగటం."

"టైరు పోతే?"

"నా చక్రం ఇచ్చెయ్యటం సార్."

"అంతే. వీరత్వాలొద్దు."

ఎండెక్కకముందే జెండా ఊపారు. మార్టూరు దాకా గుంపంతా ఈగల ముసురులా కలిసే పోయింది. శ్రీరమ్య ముందు చేరి తల వంచింది. గాలి ఛాతీ మీద చేత్తో నెట్టినట్టుంది. వెనకనుంచి రాగసుధ అప్పుడప్పుడూ "గుంట!" అనో, "బర్రెలు!" అనో కేకేసేది. దాహమైతే "అక్కా" అంటే చాలు, శ్రీరమ్య వెనక్కి చెయ్యి చాపేది. ఆ చేతిలోంచి సీసా ఎప్పుడు పోయిందో కూడా చూసుకునేది కాదు. తమ జట్టులో మిగిలిన ఇద్దరూ అద్దంకి చేరకముందే వెనకబడ్డారు.

అద్దంకి దాటాక దారికి రెండు పక్కలా కల్లాలు మొదలయ్యాయి. కనుచూపుమేరా నేలంతా ఎరుపు. ఆడవాళ్లు తలగుడ్డలు చుట్టుకుని కాయల్లో తాలు ఏరుతున్నారు. ఒకచోట మగవాళ్లు కాయల్ని గోనెల్లో వేసి తొక్కుతున్నారు. గాలి అటునుంచి ఇటు తిరిగింది.

ఘాటు గుంపు మీద దుప్పటిలా పడింది. ముందున్న విశాఖ పిల్ల ఖళ్లుమని దగ్గింది. ఆ వెనక ఒకరి తర్వాత ఒకరు దగ్గారు. కొందరు కళ్లు మూసుకున్నారు, కొందరు తొక్కడం ఆపేశారు. శ్రీరమ్యకి మాత్రం ఏమీ కాలేదు. ఉయ్యాల తెలియని పసితనంలో ఆమెని కల్లంలో గోనెల మీదే పడుకోబెట్టేవాళ్లు. ఆ గాలి ఆమెకి ఇంటిగాలి. నిండుగా పీల్చుకుంది. కాళ్లు వాటంతటవే తిరిగాయి. తలెత్తి చూస్తే ఆమె ముందు ఎవరూ లేరు. పక్కన మాత్రం ముగ్గురు, మొహానికి గుడ్డ కట్టుకున్న తెలివైనవాళ్లు.

ముందు ఎవరూ లేని రోడ్డు ఎట్లా ఉంటుందో ఆమె ఇన్నేళ్లలో చూడలేదు.

అప్పుడే వెనకనుంచి టైరు పేలిన చప్పుడు, దాని వెంట కేక వినిపించాయి.

"ఆగ..." మధ్యలో దగ్గు తెగ్గొట్టింది. "...క్కా!"

రాగసుధ గొంతు. వెయ్యిమందిలో ఉన్నా గుర్తుపడుతుంది. వేళ్లు బ్రేకుల మీదికి వెళ్లాయి. ఎదురుగా, దూరంగా, వాళ్ల కల్లం కనిపించింది. నీలం పట్టాలు, వేపచెట్టుకి కట్టిన రేడియో, రోడ్డు అంచున తలపాగా చుట్టుకున్న మనిషి.

ఆగక్కా అందా, ఆగకక్కా అందా?

ఆ ప్రశ్న ఆమెకి ఆమే వేసుకుంది. జవాబు తెలిసీ వేసుకుంది. టైరు పేలిన పిల్ల ఆగొద్దని ఎందుకంటుంది? అయినా దగ్గు నడుమ ఇరుక్కున్న ఆ చిన్న సందులో, ఒక్క అక్షరం పట్టే సందులో, శ్రీరమ్య దూరిపోయింది. వేళ్లు బ్రేకుల మీదనుంచి తీసింది.

"అదిగో! మా పిల్లే! ముందున్నది మా పిల్లే!" బాపయ్య తలపాగా ఊడదీసి గాల్లో తిప్పాడు. వేళ్లు నోట్లో పెట్టి ఈలేశాడు. కూలివాళ్లంతా లేచి నిలబడ్డారు. సుబ్బరావమ్మ ఎర్రటి చేతులెత్తి, నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. ఒక్క క్షణం. తర్వాత అంతా వెనక్కి వెళ్లిపోయింది.

నరసరావుపేటలో శ్రీరమ్య నాలుగోదిగా గీత దాటింది. పతకాలు ముగ్గురికే. అయినా ఆమె ఇంత ముందు రావడం ఇదే మొదలు. రోడ్డు పక్క అరుగు మీద కూలబడి ఆయాసపడుతుంటే జెర్సీ వెనక జేబులో ఫోను మోగింది.

"ఈలేశానే! వినపడిందా?" అన్నాడు బాపయ్య.

"వినపడింది నాన్నా."

"అంత స్పీడులో ఎట్టా వినపడిందే?"

"వినపడింది," అంది మళ్లీ.

గుంపు వచ్చింది. వెనకబడ్డవాళ్లూ వచ్చారు. పసుపు జెర్సీ రాలేదు. చివరికి వ్యాను వచ్చింది. పైన రాగసుధ సైకిలు కట్టి ఉంది. లోపల రాగసుధ లేదు.

నాగూర్ వలి దిగి చెప్పాడు. పత్తి లారీ అడ్డంపడి వ్యాను ఆలస్యంగా చేరిందట. అంతసేపూ ఆ పిల్ల చక్రం చేత్తో పట్టుకుని రోడ్డు మీద నిలబడే ఉందట. చక్రం మార్చగానే పోయిన సమయమంతా పట్టేయాలని పిచ్చిగా తొక్కిందట. ఒక కల్లం ముందు మలుపులో రాలిన కాయల మీద టైరు జారింది. భుజం ఎముక విరిగింది. సారు ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

"ఎవరి కల్లం?" అనడిగింది శ్రీరమ్య.

"అదేం ప్రశ్నమ్మా?" అన్నాడు వలి. "ఎవరిదైతే ఏంటి? అక్కడ ఒక పెద్దాయన తలపాగా విప్పి, దాంతోనే చెయ్యి కట్టాడు. ఆయనే లేకపోతే ఇంకా కష్టమయ్యేది."

శ్రీరమ్య చేతిలోని ఫోను వంక చూసింది.

సాయంత్రానికి రాగసుధని వాళ్ల బసకి తీసుకొచ్చారు. ఊళ్లో ఒక కల్యాణమండపం అది. కుడిచెయ్యి మెడకి కట్టి ఉంది. ఎడమ అరచెయ్యి గీరుకుపోయి, అందులోకి మిరప కారం దిగి, నిప్పులో పెట్టినట్టు మండుతోంది. శ్రీరమ్య పెరుగు తెచ్చి ఆ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని మెల్లగా రాసింది. రాగసుధ పళ్లు బిగపట్టింది. ఇద్దరూ ఆ అరచేతినే చూస్తున్నారు, ఒకరినొకరు చూసుకోలేదు.

సంజీవరావు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"రమ్యా, సుధ నిన్ను పిలిచిందా?"

"పిలిచింది సార్."

"ఏమని?"

"దగ్గుతా పిలిచింది సార్. ఆగకక్కా అన్నట్టు... వినపడింది."

వెనకనుంచి వలి గొణిగాడు. "ఆ 'క' ఎక్కణ్నుంచో గాలికి కొట్టుకొచ్చినట్టుంది."

"నువ్వుండవయ్యా. నువ్వు చెప్పమ్మా సుధా. ఏమన్నావు?"

రాగసుధ పెరుగు పూసిన చేతిని కాసేపు చూసుకుంది. "ఆగకక్కా అనే అన్నాను సార్. ముందు గుంపులో మనవాళ్లు ఒకళ్లన్నా ఉండాలి కదా అని." తల తిప్పి, అప్పుడు చూసింది శ్రీరమ్య కళ్లలోకి. "కదక్కా?"

ఆ చూపులో కోపం వెతుక్కుంది శ్రీరమ్య. దొరికితే పట్టుకుని ఏడవొచ్చు. దొరకలేదు.

"ఊఁ," అంది.

సంజీవరావు తిట్లన్నీ అప్పుడు రాగసుధ మీద పడ్డాయి. పసుపు జెర్సీ ఒంటిమీద పెట్టుకుని తోడుని పంపేస్తారా ఎవరన్నా? ఇంత చెప్పీ బుద్ధి రాలేదా? శిబిరం పోయె, ఏడాది పోయె. ఆ పిల్ల తల వంచుకుని అన్నీ పడింది. మధ్యలో శ్రీరమ్య ఒకసారి నోరు తెరిచింది. ఇప్పుడు నిజం చెప్తే ఆ పిల్ల అబద్ధాలకోరు అవుతుంది అనుకుంది. ఆ సాకు కూడా ఎంత చప్పున దొరికిందో, పొద్దున అక్షరం దొరికినట్టే. నోరు మూసుకుంది.

దీపాలు పెట్టే వేళకి రాగసుధ నాన్న గురునాథం గారు కారులో వచ్చారు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నారు. కూతుర్ని మెల్లగా ఎక్కించి, మళ్లీ దిగి శ్రీరమ్య దగ్గరికి వచ్చారు.

"రమ్యవి నువ్వేనా అమ్మా? మా ఆవిడ నిన్నోసారి ఇంటికి తీసుకురమ్మంటూ ఉంటుంది. ఊరుగాని ఊళ్లో పిల్ల ఎట్లా ఉందోనని మేం భయపడితే, 'అక్క ఉంది కదా నాన్నా' అంటుంది మా పిల్ల." చేతులు జోడించబోయారు.

"వద్దండీ," అంటూ శ్రీరమ్య రెండడుగులు వెనక్కి వేసింది. "నాకు దణ్ణం పెట్టొద్దండీ."

ఆయన దాన్ని వినయమనుకున్నారు.

కారు కదిలేముందు రాగసుధ అద్దం దించింది. "రేపు నువ్వెవరికీ ఆగక్కర్లేదులే అక్కా," అంది. నవ్వుతూ అందో, మామూలుగానే అందో చీకట్లో తెలియలేదు. కారు మలుపు తిరిగింది. మంగళగిరి వెళ్లేసరికి బాగా పొద్దుపోతుంది, ఆ కుదుపులకి చెయ్యి ఎంత నొప్పెడుతుందో.

"అమ్మాయ్, సైకిళ్లు కడగాలి!" అని వలి కేకేశాడు.

శ్రీరమ్య బకెట్టూ గుడ్డా పట్టుకుని వరండాలోకి వెళ్లింది. అలవాటుగా ముందు రాగసుధ సైకిలు దగ్గరే కూర్చుంది. హ్యాండిలు ఒక పక్కకి వంగింది. పసుపు టేపు చిరిగి వేలాడుతోంది. గుడ్డ తడిపి కిందనుంచి తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈ పందెపు బూట్లు అడుగున పెడలుకి గొళ్లెం పడ్డట్టు పట్టుకుంటాయి. మడమ పక్కకి తిప్పితేగాని ఊడవు. పడ్డ తొందరలో దాన్నెవరూ తిప్పినట్టు లేరు, పట్టీలు విప్పి పాదాన్ని మాత్రం లాగి ఉంటారు. తెల్లబూటు పెడలుకి అట్లాగే ఉంది, నోరు తెరుచుకుని, లోపల చెమట తడి ఇంకా ఆరకుండా.