చారు ఒలకని బండి

ఎస్తేరు గరిటెతో చారు పోస్తుంటే ఏలియా స్టీలు క్యారేజీ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"అంచు దాకా పొయ్యి," అన్నాడు.

"అంచు దాకా పోస్తే ఏ బండి మీదైనా ఒలుకుద్ది. బండిదేం తప్పు?"

"హోటలోళ్ళు అట్టాగే పోస్తారు. మూత కూడా సరిగ్గా పెట్టరు."

ఆవిడ ఇంకో గరిటె పోసింది. మిరియాల వాసన ఇరుకు గదంతా కమ్ముకుంది. ఏలియా గిన్నె మీద మూత వదులుగానే పెట్టి, క్యారేజీని భోజనాల డెలివరీ కంపెనీ ఇచ్చిన పెద్ద సంచిలో దించి, చుట్టూ పాత తువ్వాళ్ళు కుక్కాడు. ఎంత ఒలికిందో తువ్వాలు చెబుతుంది. వారం రోజులుగా ఏ బండి చూడబోయినా ఆ ఇంట్లో ఇదే తంతు.

ఏలియాకి యాభై దాటాయి. సన్నటి మనిషి. చొక్కా గుండీలన్నీ మెడ దాకా పెట్టుకుంటాడు. ముంజేతుల మీద ఆవగింజలంత నల్లటి మచ్చలు. రాయపూర్ దగ్గర సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ మూతపడి నాలుగేళ్ళయినా, అక్కడి నిప్పురవ్వలు పెట్టిన ఆ గుర్తులు పోలేదు. ఊపిరితిత్తుల్లో చేరిన ఇనుప పొడి కూడా పోలేదు. ఫ్యాక్టరీ పోయాక సైకిలు మీద సంచి కట్టుకుని మోవా చుట్టుపక్కల ఇళ్ళకి భోజనాలు చేరవేయడం మొదలుపెట్టాడు. అందరికన్నా ఆలస్యంగా వస్తాడని పేరుంది. అయితే ఏలియా తెచ్చిన సాంబారు ఏనాడూ ఒలకలేదన్న పేరు కూడా ఉంది. ఆ రెండో పేరు అతనికి చాలా ఇష్టం.

ఈ మధ్య ఓవర్‌బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఛాతీలోంచి ఈల వస్తోంది. సగం ఎక్కి, దిగి, సైకిలు నెట్టుకుంటూ పోవలసి వస్తోంది. గవర్నమెంటు ఆసుపత్రి డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, "సైకిల్ బంద్," అన్నాడు. మందులు రాసినప్పుడు కూడా అంత గట్టిగా చెప్పలేదు. సైకిలు ఆపితే పని పోతుంది. ఆపకపోతే మనిషే పోయేట్టున్నాడని ఎస్తేరు భయం. కాబట్టి బండి కావాలి. కొనగలిగేదీ, దారి మధ్యలో మోసం చెయ్యనిదీ కావాలి. ఫ్యాక్టరీ రోజుల్లో సూపర్‌వైజరు బండి మీద నేర్చుకుని లైసెన్సయితే తీసుకున్నాడు గానీ, సొంత బండి అనేది ఆ ఇంట్లో ఇంతవరకు లేదు.

బిలాస్‌పూర్ రోడ్డు మీద ప్రేమ్‌చంద్ సెకండ్‌హ్యాండ్ బళ్ళ దుకాణం ముందు ఈశ్వర్ అప్పటికే కాచుకుని ఉన్నాడు. వాడూ భోజనాలు మోసేవాడే. తాత కాలం నుంచి రాయపూర్‌లో ఉన్న కుటుంబం కావడంతో వాడి తెలుగులో సగం హిందీ.

"అరే మామా, సంచీ ఎందుకు తెచ్చినావ్? పెళ్ళిచూపులకి టిఫిన్ పట్టుకొచ్చినట్టు!"

"పిల్లకి వంటొచ్చో రాదో తెలియద్దూ?" అన్నాడు ఏలియా.

ప్రేమ్‌చంద్ నవ్వి, నల్లటి బండి ఒకటి బయటికి తీయించాడు. వెనక సీటు ఎత్తుగా, వాలుగా ఉంది. "చల్తీ నహీ, ఉడ్‌తీ హై," అన్నాడు. ఎగిరే బండి ఏలియాకి అక్కరలేదు. సంచి వెనక కట్టుకుని సందు చివరి దాకా పోయి వచ్చాడు. తిరిగొచ్చేసరికి తువ్వాళ్ళు పసుపెక్కాయి. ఆ తర్వాత ఒక స్కూటరు చూపించారు. దాంట్లో సంచి కాళ్ళ దగ్గర పెట్టుకోవాలి. మోకాళ్ళు రెండూ బయటికి తోసుకొచ్చాయి.

"మామా, నువ్వు కప్పలా ఉన్నావ్," అన్నాడు ఈశ్వర్.

మూడోది బ్యాటరీ బండి. చారు చుక్క కూడా కదల్లేదు. కానీ దాన్ని రాత్రంతా చార్జింగ్ పెట్టాలి. అద్దెకిచ్చిన ఇంటాయన రెండో బల్బుకే ఊరుకోడు. ఏలియా దాని సీటును ఒకసారి అరచేత్తో నిమిరి దిగిపోయాడు.

"నీకు ఏ గాడీ నచ్చదు మామా. రైల్వే వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ వెనక ఒక ముసలాయన ఉన్నాడు, ఆయనా నీలాంటోడే. బండి బేచేస్తా, అమ్మేస్తా అంటాడు, ఎవరికీ ఇవ్వడు. నేను పోతే మంచంలోంచే పొమ్మన్నాడు, మొహం కూడా చూడలే!"

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తా? గేటు కాడ రెండుసార్లు రేస్ ఇచ్చినా. ఇంజిన్ చూసుకోవద్దా?"

ఏలియా ఒలికిన గిన్నెను తువ్వాలుతో తుడిచి, ఇల్లు ఎక్కడో అడిగి తెలుసుకున్నాడు. ఇంటికి పోయి మళ్ళీ అంచు దాకా చారు పోయించుకున్నాడు. ఎస్తేరు ఈసారి తనే కుండలో అడుగున మిగిలింది కూడా వంపేసింది.

మధ్యాహ్నం ఎండలో సైకిలు నడిపించుకుంటూ ఆ ఇంటికి చేరాడు. రేకుల పంచ, ఇనుప గేటు. పంచలో పరిచిన గోనెసంచి మీద మెరూన్ రంగు బండి నిలబెట్టి ఉంది. పాతదే గానీ ఎక్కడా దుమ్ము లేదు. వెనక చదునైన ఇనుప క్యారియరు, సంచికి కొలత తీసి చేయించినట్టుంది. ఏలియా గేటు దగ్గరే ఆగి దానికేసి చూస్తుండగా ఒక పెద్దావిడ బయటికొచ్చింది. అతని సంచి చూసింది.

"ఏటి బాబూ, మేమేటీ తెప్పించుకోనేదు. ఇల్లు తప్పేవేమో."

"బండి కోసం వచ్చానండి అమ్మా."

"మరి ఆ సంచీలో ఏటున్నాది?"

"మా ఇంటి చారండి."

నాంచారమ్మ అనే ఆ పెద్దావిడ అతనికేసి కాసేపు అనుమానంగా చూసింది. అతను సంగతంతా చెప్పాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే లోపలికి పోయి ఎవరికో చెప్పింది. లోపలినుంచి నీరసంగా ఒక గొంతు వినబడింది. "సరే, తిప్పమను. ఈ కిటికీ పక్కనుంచే పొమ్మను."

గొంతు ఆవిడ భర్త కొండలరావుది. రైల్వే వ్యాగన్ రిపేరు షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. మంచం పట్టి రెండేళ్ళవుతోంది. ఈ మధ్య అన్నం కూడా సయించడం లేదు. ఏలియా బండి తాళం తిప్పుతుంటే నాంచారమ్మ అడ్డొచ్చింది.

"ఉండు బాబూ, దాని మూడ్ నాకే తెలుసు." చీర కుచ్చిళ్ళు ఎడమచేత్తో ఎత్తిపట్టి, కుడికాలితో కిక్ మీద ఒక్క తన్ను తన్నింది. బండి మెత్తగా అందుకుంది. ఆవిడ చెప్పుల్లేని కాలు చూశాడు ఏలియా. అరికాలు మధ్యలో చర్మం గట్టిపడి కాయ కట్టింది.

"రోజూ పొద్దున్నే స్టార్ట్ చెయ్యమంటారు. ఆ సప్పుడు వినకపోతే కాఫీ తాగరు. నాకు సైకిలు తొక్కడం కూడా రాదు, ఈ వయసులో బండి తన్నడం నేర్పేరు!"

ఏలియా సంచిని క్యారియరు మీద కట్టాడు. సందులో మెల్లగా పోయాడు. చివర్లో రోడ్డుకి అడ్డంగా ఎత్తైన స్పీడ్‌బ్రేకరుంది. దాని ముందే యాక్సిలరేటరు వదులు చేసి, బండిని దాని మీదికి ఎక్కనిచ్చి, దిగనిచ్చి, ఆ తర్వాతే మళ్ళీ వేగం కొంచెం కొంచెంగా పెంచాడు. సైకిలు మీద ఇన్నేళ్ళూ ఎలా పోయాడో అలాగే పోయాడు. ఇంకోలా అతనికి రాదు. వచ్చి ఆపాక తువ్వాళ్ళు తడిమి చూశాడు. పొడిగా ఉన్నాయి. పంచ గట్టు మీద కూర్చున్నాడు.

"లోపలికి రమ్మంటున్నారు," అంది నాంచారమ్మ.

కిటికీ పక్క మంచంలో దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. మొహంలో కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

"బ్రేకు కొట్టనేదు నువ్వు," అన్నాడు కొండలరావు.

"లేదండి."

"అందరూ గేటు కాడే దాని గొంతు నులిమేస్తారు. పాపం, అదేం చేసింది?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "చారేనా అది? వాసనొస్తున్నాది."

నాంచారమ్మ ఆశగా ఏలియాకేసి చూసింది. అతను క్యారేజీ మూత తీశాడు. ఆవిడ చెంచాతో రెండుసార్లు పోసింది. కొండలరావు చప్పరించి, కళ్ళు మూసుకుని మింగాడు. మూడోసారి తనే నోరు తెరిచాడు.

"ఉప్పు తక్కువ."

"నాకు బీపీ అండి. మా ఆవిడ వెయ్యదు."

"మా ఆవిడా అంతే," అన్నాడు ముసలాయన. అప్పుడు నవ్వాడు. నాంచారమ్మ చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో ఏమో.

చెప్పిన ధర ఎస్తేరు చీటీ పాడిన డబ్బులోపే వచ్చింది. ఏలియా బేరమాడాలన్న సంగతే మర్చిపోయాడు. కాగితాల పని బిలాస్‌పూర్‌లో ఉన్న కొడుకు ఆదివారం వచ్చి చూస్తాడన్నారు. తాళం చేతికిస్తూ కొండలరావు ఒకటే అడిగాడు.

"ఇటేపు ఆర్డరొస్తే మా సందులోంచి పో. కొంచెం చుట్టే అనుకో."

"తప్పకుండా వస్తానండి. సైకిలు ఇక్కడే ఉంచుతాను, రేపు పట్టుకెళ్తాను."

సాయంత్రం ఏలియా మొదటిసారి బండి మీద పనికి దిగాడు. ఓవర్‌బ్రిడ్జి మొదట్లో అలవాటు కొద్దీ పళ్ళు బిగబట్టాడు. బండి ఎక్కేసింది. పైకి చేరాక చెవి పెట్టి విన్నాడు. ఛాతీలో ఈల లేదు. కింద పట్టాల మీద గూడ్సు బండి పోతోంది. గాలి చొక్కాలో దూరి వీపు మీద ఉబ్బింది. అతను మెడ దగ్గరి గుండీ ఒకటి విప్పుకున్నాడు. ఎస్తేరుకి ఫోను చేద్దామనుకున్నాడు గానీ ఏం చెప్పాలో తెలియలేదు. ఊపిరి ఆడుతోందని ఫోను చేసి చెబుతారా ఎవరైనా?

దీపాలు పెట్టే వేళకి కాలనీ అవతలి వీధికి ఒక ఆర్డరు వచ్చింది. ఇడ్లీ, సాంబారు. మాట ప్రకారం ఏలియా ఆ సందులోకి తిప్పాడు. స్పీడ్‌బ్రేకరు మెత్తగా దాటించి, కిటికీ పక్కకి వచ్చేసరికి బండి నెమ్మది చేశాడు. కిటికీ రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. గేటు ముందు నాలుగైదు జతల చెప్పులున్నాయి.

నాంచారమ్మ పంచలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చుట్టూ ఉన్నారు. ఏలియా ఇంజిను ఆపి దిగాడు. ఆవిడ లేవలేదు. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"నువ్వెళ్ళిన కాసేపటికే బాబూ. 'బండి మంచి చేతికెళ్ళింది, రేపట్నుంచి నువ్వు తన్నక్కర్నేదు, నాంచారీ, కాస్త నడుం వాల్చు' అన్నారు. నేనూ పక్కనే వాలేను. నిజంగా నిద్రట్టేసింది, ఎన్నాళ్ళకో. లేచి చూద్దునుగదా..." చెయ్యి గాలిలో తిప్పి వదిలేసింది. "బాధ పడనేదు. అదే చాలు. గొంతులో మీ చారు తడైనా ఉన్నాది."

ఏలియా నెత్తి మీది కంపెనీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. జేబులో ఫోను మోగింది. ఆర్డరు ఎక్కడిదాకా వచ్చిందని అవతలివాళ్ళు.

"వెళ్ళు బాబూ, చల్లారిపోద్ది. వాళ్ళు ఆకలితో ఉంటారు," అంది నాంచారమ్మ. "ఆయన వింటే నిన్నే తిడతారు."

అతను బండి దగ్గరికి నడిచాడు. కిక్ మీద కాలు పెట్టి వెనక్కి తిరిగి చూశాడు. మబ్బు పట్టిందని కాబోలు, అతని సైకిల్ని ఎవరో పంచలోకి చేర్చారు. అయితే బండి ఉన్న చోట పెట్టలేదు, ఓ పక్కగా గోడకి ఆనించారు. ఆ చోట గోనెసంచి ఉన్నది ఉన్నట్టే పరిచి ఉంది, మధ్యలో అరచేతంత నూనె మరక, దాని పక్కన స్టాండు కాళ్ళు దిగబడిన రెండు గుంటలు.