జీపు మీద వేటగాడు

ప్రేమ్‌కుమార్‌కి ఉన్నది ఒక్కటే మొహం, అదీ బాగోదు. దాన్ని జీపు బానెట్ నిండా వేయించుకోవాలన్న కోరిక ఎలా పుట్టిందో నాకు ఇప్పటికీ వింతే.

అతను విశాఖపట్నం నుంచి వచ్చి అరకులో లాడ్జి పెట్టినవాడు. మా ఆయన జగదీష్ బస్సులకీ లారీలకీ పేర్లు రాసే పెయింటరు. ఆ ఏడే, పెన్నులా పట్టుకుని రంగు ఊదే చిన్న గన్నూ, దానికి కంప్రెసరూ కొనుక్కొచ్చాడు. ఏజెన్సీ మొత్తంలో అలాంటిది తన దగ్గరే ఉందని ఆయనకి మిడిసిపాటు. గంతకు తగ్గ బొంతలా ఇద్దరూ కలిశారు.

ఆ సోకంతా దేనికో మాత్రం నాకు తెలుసు. రోడ్డు పక్కనున్న మా అత్త సోములమ్మ పసుపు పూల వలిసె చేను మీద అతని కన్ను. మైదానం వాళ్ళు ఇక్కడ భూమి కొనకూడదు కాబట్టి, పెద్దల మాట పుచ్చుకుని అందులో టూరిస్టులకి డేరాలు వేద్దామని ఎత్తు. అత్త చస్తే ఇవ్వనంది. కానీ ఊరు సరేనంటే ఒక్క ముసలిదాని మాట ఎక్కడ నిలుస్తుంది? మా వేట పండగ, ఇటుకల పండగనాడు పెద్దలు కూర్చుంటారు. ఆవేళ వేటగాడి బొమ్మున్న జీపులో దిగితే "మనవాడే" అని చేను చేతిలో పెట్టేస్తామనుకున్నాడు. మేమంత వెర్రివాళ్ళమని అతనికి ఎవరు చెప్పారో!

స్టూడియోలో తీయించుకున్న ఫోటో పట్టుకొచ్చాడు. నడుముకి గోచీ, చేతిలో విల్లు, కాళ్ళకి బూట్లు! బూట్లు తీసెయ్యమన్నాడు. పొట్ట తీసెయ్యమన్నాడు. జుట్టు పెట్టమన్నాడు.

"ఇన్ని తీసేసి ఇన్ని పెట్టేక ఆయన మిగిలిందేటి?" అన్నాను.

"నువ్వు లోపలికెల్లు" అన్నాడు మా ఆయన.

బానెట్‌ని ఎమరీ కాగితంతో తడిపి తడిపి రుద్ది, ప్రైమర్ కొట్టి, బొమ్మ వచ్చేచోటు వదిలి చుట్టూ టేపూ పాత పేపర్లూ అంటించాడు. గన్ను దగ్గరగా పెడితే ముదురు నీడ, వెనక్కి జరిపితే పలచటి వెలుగు. లేని కండలన్నీ పుట్టించాడు. నా కడుపు మండినా ఒప్పుకోవాలి, పని బాగుంది.

వేటగాడి భుజం మీద ఒక అడవిపందిని కూడా గీశాడు. అది చూసి ప్రేమ్‌కుమార్ ఉలిక్కిపడ్డాడు.

"పంది తీసెయ్. ఫారెస్టువాళ్ళు చూస్తే కేసంటారు."

"బొమ్మకి కేసేటి బాబూ? పండక్కి వట్టి సేతుల్తో వొచ్చిన వేటగాణ్ణి మావోళ్ళు..."

"కొండవాళ్ళ సంగతి నాకు చెప్తావా? ఏళ్ళ తరబడి చూస్తున్నాను. తీసెయ్యమన్నానా?"

పంది పోయింది. బొమ్మ జంతువుకే జడుసుకున్నవాడు వేటగాడట! పైన మెరుపుకి వేసే లాకర్ వార్నిష్ కోటు పడ్డాక మాత్రం నిగనిగలాడిపోయాడు.

మా పండక్కి మగవాళ్ళు వేటకెళ్తారు. ఏమీ కొట్టకుండా తిరిగొచ్చినవాడి మీద ఆడవాళ్ళం పేడనీళ్ళు కొడతాం. సొంత మొగుణ్ణయినా వదలం. వాడు ఆ రోజు పెద్దల మధ్య నోరెత్తకూడదు. మా ఊళ్ళో అవ్వల నాటి నుంచీ ఇంతే.

పండగనాడు ఆడవాళ్ళం రోడ్డుకి అడ్డంగా దుంగ వేసి కాచుకుని ఉన్నాం. జీపు వచ్చి హారన్ కొట్టింది. ఊరిపెద్ద సోంబరు ముందుకొచ్చి బానెట్ వంక చాలాసేపు చూశాడు.

"బాబూ, ఈ బొమ్మలో ఉన్నది నువ్వేనా?"

ప్రేమ్‌కుమార్ జీపు దిగి రొమ్ము విరుచుకున్నాడు. "నేనే! గుర్తుపట్టలేదా?"

"విల్లట్టుకెల్లావు. మరి వేటేదీ?"

అతను బానెట్ మీది ఖాళీ భుజం వంక చూశాడు. సోంబరు మెల్లగా పక్కకి తప్పుకున్నాడు. మొదటి చెంబు నాదే, తిన్నగా బొమ్మ మొహం మీద. రెండోది అసలు మొహం మీద. అది గురి చూడక్కర్లేనంత పెద్దది. మా అత్త చెంబుల దాకా పోలేదు, కుండే ఎత్తి కుమ్మరించింది.

"ముక్కు మీద కాదే! ముక్కు బాగా కుదిరింది!" అని వెనక నుంచి మా ఆయన గోల.

ప్రేమ్‌కుమార్ కళ్ళు తుడుచుకుని, "అది కాదు, ఆ చేను సంగతి..." అన్నాడు.

సోంబరు చెయ్యెత్తాడు. "వట్టిసేతులోడు ఈయేళ మాటాడకూడదు బాబూ. వొచ్చే యేడు వేట తెచ్చుకో, అప్పుడు ఇందాం."

వారం తిరక్కుండా జీపు మళ్ళీ మా షెడ్డుకే వచ్చింది. డ్రైవర్ని పంపాడు, తను రాలేదు. బొమ్మంతా గీకేసి తెల్లరంగు కొట్టాలట. విల్లూ కండలూ గీకిన మా ఆయన మొహం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. ఎమరీ కాగితం లాక్కుని నేనే రుద్దాను. పలచటి మొహం, బేగి పోయింది.

నాగలి ఎద్దుల్ని తోలుకుంటూ చేనుకి పోతున్న అత్త రోడ్డు మీద నుంచి కేకేసింది. "ఏటే, ఏటి సేత్తన్నావు?"

"పెద్దమనిసి మొకం కడుగుతన్నానత్తా!" అన్నాను.